రేవు పుస్తకంలో ఏడు పేర్లు

డ్రాగా
2023 జనవరి 10, మంగళవారం

వింకా,

ఫోన్‌లో మాట్లాడుకుంటే మూడో మాటకి నీ గొంతు లేస్తుంది, నాలుగో మాటకి నాది. మీ అన్నయ్య కుర్చీ తీసుకుని బయటికి పోతాడు. నువ్వన్నట్టు మనకి ఉత్తరాలే మేలు. మంగళ, గురు, శనివారాలు ఆయన డయాలసిస్‌కి ఎలాగూ పట్నం వస్తాడు, రేవులో నీ టికెట్ కిటికీ ముందునుంచే ఆసుపత్రికి నడుస్తాడు. కోటు లోపలి జేబులో పెట్టి పంపుతాను. జవాబు అదే జేబులో పెట్టు.

ముందు ఆయన సంగతి. శనివారం సూది పొడిచిన చెయ్యి వాచింది, ఇప్పుడు తగ్గింది. ఉప్పు తగ్గించాడు. ఎండు అంజీర పళ్ళు మాత్రం ఇంట్లో కనబడనివ్వను. ఆ మూత్రపిండాలకి అవి విషమని డాక్టరు చెప్పినా, నేను అటు తిరిగితే ఇటు నోట్లో వేసుకునే మనిషి.

ఇక పడవ. కొత్త యూరో డబ్బు, కొత్త పడవ ఒకే రోజు, జనవరి ఒకటిన, దిగాయి మా డ్రాగాలో. డబ్బు సంగతి అలవాటవుతుంది. పడవే కావడం లేదు. పాతది కొండ మలుపు తిరగకముందే దాని దగ్గు వినబడేది. పొయ్యి మీది కుండ దించి, చెయ్యి కడుక్కుని, తీరిగ్గా రేవుకి నడిచేదాన్ని. ఇది బ్యాటరీ పడవ. పొగ లేదు, కంపు లేదు, చప్పుడు లేదు. కిటికీలోంచి చూస్తే నీళ్ళు ఖాళీ. తల తిప్పి మళ్ళీ చూసేసరికి రేవుకి ఆనుకుని ఉంటుంది.

మూడు నెలలు పరీక్షకాలమట. దిగే పలక పక్కన గాజు కన్ను ఒకటి బిగించారు, దిగినవాళ్ళని అదే లెక్కపెడుతుంది. మార్చి ఆఖరుకి మా రేవులో పద్దెనిమిది వందల మంది దిగాలి. లేకపోతే చలికాలం పడవ ఉండదు, వేసవిలో యాత్రికులకి మాత్రమే. అరవై ముగ్గురున్న ఊరు మాది. పడవ ఆగితే మీ అన్నయ్య నీ రెండు గదుల ఇంట్లో సోఫా మీద ఉండాలి. నీమీద ప్రేమ లేక రానంటున్నాడనుకోకు. ఈ నీళ్ళు కనబడని కిటికీ పక్కన ఆయన నెలరోజులు కూడా బతకడు. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నదాన్ని, నాకు తెలుసు.

నా రేవు పుస్తకం మాత్రం మానలేదు. పడవ నడిపే జ్వానె వెక్కిరించాడు, "మెషీన్ వచ్చాక నీ పుస్తకం ఎందుకమ్మా యెర్కా? పెన్షన్ ఇచ్చి ఇంటికి పంపు దాన్ని" అని. "నీ మెషీన్ తలకాయల్ని లెక్కపెడుతుంది, పేరు రాయగలదా?" అన్నాను. ఎవరెవరు ఎక్కారో తెలియకుండా ఒక పడవ మునిగిన ఆ ముత్తవ్వల కాలం నుంచి రేవు పక్క ఇంటి ఆడది రాస్తూనే ఉంది. ఎక్కితే పేరు, తిరిగొస్తే పేరు మీద గీత. గీత పడని పేరు మర్నాటి పేజీలో మొదట రాయాలి. మీ అమ్మ నేర్పిందే.

ఒక్కటి మార్చాను, నీకు చెప్పాలి. జనవరి ఒకటిన కొత్త పుస్తకం తెరిచాను. పాతదాంట్లో ప్రతి పేజీ పైనా, 1973లో తిరిగి వస్తూ మునిగిన పడవలో దొరకని ఏడుగురి పేర్లు. మొదటిది మీ నాన్న దుంకో పేరు. మీ అమ్మ వేళ్ళు వంకరపోయేదాకా రాసింది. తర్వాత నేను రాశాను. ఇక చాలనిపించింది. స్కేలు పెట్టి ఏడు పేర్ల మీదా ఏడు గీతలు గీసి పుస్తకం మూసేశాను. కొత్త పుస్తకం శుభ్రంగా మొదలైంది. నీకు అభ్యంతరం ఉండదనుకుంటాను.

నిన్న నా లెక్కకి దిగినవాళ్ళు పదహారు. మెషీన్ పదిహేడు చూపించింది. నువ్వు ఎన్ని టికెట్లు కొట్టావో చూసి రాయి.

మీ వదిన
యెర్కా


పట్నం రేవు
జనవరి 12, గురువారం

వదినా,

సోమవారం సాయంత్రం పడవకి కొట్టినవి పదహారే. మెషీన్‌కి ఊరు కొత్త, నాలుగు రోజులు పోతే సర్దుకుంటుంది. అది కాకపోతే మీ ఊరి ముసలి లూత్సె మేక. నిజం చెప్పు, పడవ నిలబెట్టడానికి ఆవిడ మేకని ఆ పలక మీద నడిపించడం లేదు కదా? చేసే మనిషే. ఓట్లప్పుడు చచ్చిన మొగుడి కార్డు పట్టుకుని వరుసలో నిలబడిన ఘటం.

నాన్న పేరు మీద గీత గీసినందుకు నాకేం అభ్యంతరం? నేను పుట్టకముందే పోయిన మనిషి. ఉన్న ఒక్క పెళ్ళి ఫొటోలోనూ అమ్మ ముసుగు గాలికి ఎగిరి ఆయన మొహం సగం కప్పేసింది. చిన్నప్పుడు ఆ ముసుగు గోటితో గీకేదాన్ని, వెనకాల కనబడతాడేమోనని. అమ్మ చేతిలో దెబ్బలు తిన్నాను. యాభై ఏళ్ళు మోశాం. మంచి పని చేశావు.

అన్నయ్య చెయ్యి చూశాను, వాపు లేదు. కానీ మనిషి తేలిపోతున్నాడు. నువ్వు చప్పిడి కూడు పెట్టి చంపకు. నా కూర నిమ్మకాయతో చేసింది, ఉప్పు లేదు. డబ్బా తిరిగి పంపు. పోయినసారి మూత రాలేదు.

వింకా


డ్రాగా
జనవరి 31, మంగళవారం

వింకా,

మూత ఇందులోనే ఉంది, చుట్టి పంపుతున్నాను.

లూత్సె నీ ఉత్తరం విని గంటసేపు ఊగిపోయింది. "నా మేకకి ఆ పట్నపుదానికంటే పరువెక్కువ అని రాయి" అంది. రాశాను.

మెషీన్ సర్దుకోలేదు. 9 నుంచి 17వ తేదీ దాకా రోజూ ఒకరు ఎక్కువ. 18 నుంచి ఇద్దరు. 25 నుంచి ముగ్గురు. నా కళ్ళ మీద నాకే అనుమానం వచ్చి ఎడమ జేబులో శనగలు పోసుకుని పలక పక్కనే నిలబడ్డాను. ఒక మనిషి దిగితే ఒక శనగ కుడి జేబులోకి. నిన్న పద్దెనిమిది శనగలు. మెషీన్‌లో ఇరవై ఒకటి. పొద్దున ఎక్కేటప్పుడు మాత్రం జ్వానె లెక్క, నా లెక్క ఒక్కటే. ఎక్కువైనవాళ్ళు దిగుతున్నారు, ఎక్కడం లేదు.

అందరూ దిగాక పలక మీద తడి ఉంటోంది. అల ఎగిరి పడిందనుకుందామంటే నిన్న సముద్రం చమురు పోసినట్టు ఉంది. తడి పలక దాటి రేవు రాళ్ళ మీదికి వస్తుంది, మన వీధి మూడో మెట్టుదాకా ఎక్కుతుంది. నాలుగోది పొడి. గుడ్డ పెట్టి తుడిచాను. ఆరాక గుడ్డ ఉప్పుతో బిరుసెక్కింది.

ఇంకొక మాట. మీ అన్నయ్యకి పడవలో స్నేహితుడు దొరికాడు. వెనక బెంచీలో పక్కన కూర్చుంటాడట, ముప్పై కూడా నిండని కుర్రాడు. నేను అడిగాను:

"ఎవరబ్బాయి?"

"అడగలేదు. మొహం ఎక్కడో చూసినట్టుంది. దిగే హడావిడిలో కనబడడు."

"ఏం మాట్లాడుకుంటారు?"

"ఏముంటుంది? పడవ దగ్గడం లేదేం అంటాడు. పాత పడవ చప్పుడుకి దగ్గరికి రాబుద్ధయ్యేది కాదట. కొండకొన మీద దీపం వెలిగిస్తున్నారా అని అడుగుతాడు. రోజూ అదే అడుగుతాడు."

కొండకొన దీపం తీసేసి ఇరవై ఏళ్ళయింది కదా. కుర్రాడికి ఎలా తెలుసు? చేతిరుమాలులో అంజీర పళ్ళు కట్టుకొస్తాడట, మీ అన్నయ్యకీ పెడతాడట. కుడి బొటనవేలు సగమే ఉందట, అందుకని ముడి పళ్ళతో విప్పుతాడట. ఈయన తినలేదని ఒట్టేశాడు. నిజమే, పండు కోటు జేబులోనే దొరికింది, నీ ఉత్తరం పెట్టుకునే జేబులో. రాయిలా ఉంది, మీద ఉప్పు తెల్లగా పేరుకుంది.

జ్వానెని అడిగితే, "మీ ఆయన ఫ్రానె వెనక బెంచీలో ఒక్కడే కూర్చుంటాడమ్మా. ఒక పక్కకి జరిగి కూర్చుంటాడు" అన్నాడు.

అలాంటి కుర్రాడెవరైనా నీ కిటికీ దగ్గర టికెట్ తీసుకుంటున్నాడా? కొంచెం చూసి రాయి.

యెర్కా


పట్నం రేవు
ఫిబ్రవరి 4, శనివారం

వదినా,

బొటనవేలి సంగతి నీకు ఎవరు చెప్పారు?

తాళ్ళు చుట్టే చక్రంలో పడి నాన్న వేలు తెగిందని అమ్మ నాకొక్కదానికే చెప్పింది, ఆసుపత్రిలో, ఆఖరి వారం. అన్నయ్యకి కూడా గుర్తులేదని చెప్పింది. నువ్వు తలుపు వెనక నిలబడి విన్నావన్నమాట. విని పదేళ్ళు దాచుకుని, ఇప్పుడు నీకు అవసరమైనప్పుడు తీశావు.

నాకు అర్థమైంది. టికెట్లకీ మెషీన్‌కీ తేడా పెరుగుతోంది. ఆ తేడా చూసే కుర్చీలో నేనున్నాను. ఒక కథ చెప్పి ఈ పిచ్చిదాని గుండె తడిపితే చూసీ చూడనట్టు వదిలేస్తుందనుకున్నావు. నేను ఆయన్ని చూడను కూడా లేదు వదినా. చూడని తండ్రిని పడవెక్కించి నా కిటికీ ముందుకి తెస్తావా? స్కేలు పెట్టి కొట్టేసిన మనిషివి నువ్వే కదా?

అన్నయ్య నిజంగానే అలా మాట్లాడుతుంటే అది ఇంకా భయం. రక్తంలో విషం మిగిలిపోతే మనుషులు లేనివాళ్ళతో మాట్లాడతారని ఇక్కడి నర్సు చెప్పింది. ఆయన్ని నా దగ్గరికి పంపెయ్. సోఫా కాదు, నా మంచమే ఇస్తాను.

వింకా


డ్రాగా
ఫిబ్రవరి 18, శనివారం

వింకా,

రెండు వారాలు కోపం దిగమింగుకుని రాస్తున్నాను, చివరిదాకా చదువు.

నేను ఏ తలుపు వెనకా నిలబడలేదు. ఆ వేలు ఎవరిదో నీ ఉత్తరం చదివాకే తెలిసింది. మీ అన్నయ్యకి ఇంకా చెప్పలేదు. నర్సు మాట అన్నావు కదా, మొన్నటి రక్తపరీక్ష కాగితం ఇందులో పెట్టాను. ఏడాదిలో ఇంత మంచి పరీక్ష రాలేదు. మనిషి ఈల వేస్తున్నాడు.

లూత్సెకి అంతా చెప్పాను. ఆమె అన్న మాతె కూడా ఆ ఏడుగురిలో ఒకడు కదా. బీన్స్ ఒలుస్తున్నదల్లా ఆపి నా వైపు చూసింది.

"వాళ్ళ పేర్ల మీద గీత గీశావా?"

"గీశాను. పుస్తకం ముగించాలి కదా."

"ముగించడానికి నీ పుస్తకంలో ఇంకో గుర్తు ఉందా? గీత అంటే ఏమిటే?"

"తిరిగొచ్చారని."

"మరి వచ్చారు" అంది, మళ్ళీ బీన్స్ తీసుకుంది. "పాత పడవ రొదకి బెదిరి ఉంటారు. ఇది పిల్లిలా వస్తోంది. నువ్వు రమ్మన్నావు, ఎక్కారు."

"వస్తే ఇళ్ళకి వెళ్ళాలి కదా? రోజూ మళ్ళీ ఎందుకు దిగుతున్నారు?"

"గీత రేవుదాకా తెస్తుంది. గడప దాటించాలంటే పిలిచేవాళ్ళుండాలి. చుట్టానికైనా అంతే కదే. మూడో మెట్టు మీద నిలబడి చూస్తారు, ఎవరూ పిలవరు, వెనక్కి పోతారు. నీళ్ళలోకే."

పదహారో తేదీకి ఆ పడవ మునిగి యాభై ఏళ్ళు నిండాయి. ఆ రోజు ఏడుగురు ఎక్కువ. మెషీన్ ఇరవై నాలుగు, నా శనగలు పదిహేడు. ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది. ఎవరూ తలుపులు వేసుకోలేదు. మూడున్నర కల్లా రేవుకి వచ్చి నిలబడుతున్నారు, లాంతరు తెచ్చేవాళ్ళు లాంతరు, రొట్టె తెచ్చేవాళ్ళు రొట్టె. ఒకరి మొహం ఒకరు చూడని చలికాలం ఇది, అలాంటిది రేవు మీద బల్ల వేసి వైన్ పోసుకుంటున్నారు. కానీ పడవ ఆనగానే అందరూ మాట ఆపేస్తారు. అందరూ దిగాక ఆ ఖాళీ పలక ఏడుసార్లు కొంచెం కొంచెంగా వంగి లేస్తుంది. మేం ఏడుసార్లూ చూస్తాం. ఎవరిని ఏమని పిలవాలో తెలియక ఎవరమూ పిలవం.

నీ దగ్గర దాచకూడనిది ఒకటుంది. వాళ్ళతో కలిపితే పద్దెనిమిది వందలు దాటిపోతాం, వాళ్ళు లేకపోతే పదిహేను వందల యాభై దగ్గర ఆగుతాం. మొన్న స్టవ్ దగ్గర నిలబడి ఆ కూడిక వేశాను. ఆ తడి చూసినప్పుడు రాని భయం, ఆ కూడిక వేసినందుకు వచ్చింది.

యెర్కా


పట్నం రేవు
మార్చి 2, గురువారం

వదినా,

ఆఫీసుకి నేనే చెప్పాను. తిట్టుకో.

టికెట్ లేకుండా రోజుకి ఏడుగురు దిగితే వాళ్ళంతట వాళ్ళే పట్టుకునేవారు. అప్పుడు మూడు నెలల లెక్కా కొట్టేసి, దొంగ ఊరని పేరు పెట్టి, పడవ ఆ రోజే ఆపేసేవారు. ముందుగా చెప్పాను కాబట్టి మనిషిని పంపుతున్నారు. తొమ్మిదో తేదీ సాయంత్రం పడవలో వస్తాడు, నీ పక్కనే నిలబడి లెక్క చూస్తాడు. ఆ రోజు ఒక్క తలకాయ తేడా ఉండకూడదు. ఏం చేస్తావో నాకు చెప్పకు.

పరీక్ష కాగితం చూశాను. బాగానే ఉంది. ఎందుకు బాగుందో నాకు తెలియదు. తెలియనిదాన్ని నేను నమ్మలేను వదినా. నా ఉద్యోగం అలాంటిది.

వింకా


డ్రాగా
మార్చి 11, శనివారం

వింకా,

తొమ్మిదో తేదీ పొద్దున, పడవ కదలకముందు, కొత్త పుస్తకంలో పేజీ మొదట ఏడు పేర్లూ మళ్ళీ రాశాను. దుంకో, మాతె, మిగతా ఐదుగురు. గీతలు లేకుండా, మీ అమ్మ రాసినట్టే.

సాయంత్రం ఇన్‌స్పెక్టర్ మర్యాదగా నిలబడ్డాడు, పాపం చలికి ముక్కు కారుతోంది. మెషీన్ పద్దెనిమిది. నావి పద్దెనిమిది. నీ టికెట్లు పద్దెనిమిది. పలక మీద చుక్క తడి లేదు. ఆయన ఇన్నాళ్ళ టికెట్ లేని లెక్కంతా కొట్టేసి, ఒక వేయీ నూట అరవై ఒకటి అని సంతకం పెట్టాడు. లూత్సె ఇచ్చిన టీ తాగి, "యంత్రం పాడైనట్టుంది, ఇప్పుడు బాగైంది" అన్నాడు.

రేవు మీద లాంతర్లు పట్టుకున్నవాళ్ళు ఇంటిదారి పట్టారు. రొట్టెలు తెచ్చినవాళ్ళు వాటిని వెనక్కి పట్టుకుపోయారు.

మీ అన్నయ్య ఆ పడవలోనే వచ్చాడు. అన్నం ముందు కూర్చుని ముట్టలేదు.

"ఏమైంది?"

"ఆ అబ్బాయి ఎక్కలేదు. పట్నం రేవులోనే నిలబడిపోయాడు. పలక తీసేశారు. నేను జ్వానెని ఆగమన్నాను, ఎవరికోసం అన్నాడు. పడవ కదిలాక చెయ్యెత్తాడు యెర్కా. అరవలేదు. చెయ్యి ఎత్తాడంతే."

అప్పుడు చెప్పేశాను, అది మీ నాన్న అని. "నాకు అంజీర పండు పెట్టాడు, నేను తినలేదు" అన్నాడు. నాలుగేళ్ళ పిల్లాడు మాట్లాడినట్టు ఉంది.

గీతలు మళ్ళీ గీద్దామని పెన్ను తీశాను, పెట్టేశాను. గీస్తే వస్తారు, మూడో మెట్టుదాకా. ఎవరూ పిలవకపోతే మళ్ళీ నీళ్ళలోకే. పైగా పడవ పోతుంది. ఇప్పుడు పడవ నిలవాలంటే బతికున్నవాళ్ళే రోజుకి ఇరవై తొమ్మిది మంది దిగాలి.

నిన్ను తిట్టుకోలేదు. ఆ ఏడుగురినీ రెండోసారి సముద్రంలో వదిలింది నా పెన్ను, నీది కాదు.

యెర్కా


డ్రాగా
మార్చి 25, శనివారం

వింకా,

రెండు వారాలుగా కోటు జేబు ఖాళీగా వస్తోంది. అయినా నేను రాస్తాను, నాకు పుస్తకం ఖాళీగా ఉంచడం చేతకాదు.

ఊరు కదిలింది. లూత్సె ఇంటింటికీ తిరిగి, "చచ్చినవాళ్ళు రోజూ ప్రయాణం చేశారు, మీ కాళ్ళకేం రోగం?" అని తిట్టింది. వంతులు వేశాను. ఎవరు ఏ రోజు వెళ్ళాలో కాగితం రాసి రొట్టెల కొట్టు తలుపుకి అంటించాను. మంగలి దగ్గరికి నలుగురు, కళ్ళడాక్టరు దగ్గరికి ఇద్దరు. లూత్సెకి పదకొండేళ్ళ తర్వాత కొత్త అద్దాలు వచ్చాయి, పెట్టుకుని నన్ను చూసి "ముసలిదానివైపోయావే" అంది. పడవలో పేకాట మొదలైంది, రాను పోను ఒకే ఆట. ఊళ్ళో మాట్లాడుకోని అన్నదమ్ములు ఎదురెదురు బెంచీల్లో కూర్చోవలసి వచ్చి, మూడోరోజుకి వాతావరణం గురించి, ఐదోరోజుకి గోడ తగాదా గురించి మాట్లాడుకున్నారు. నిన్నటికి వేయీ ఆరువందల ఒకటి.

ఇది మీ అన్నయ్య చెప్పమన్నాడు, నేను నా మాటగా ఏదీ కలపడం లేదు. మీ నాన్న రోజూ నీ కిటికీ ముందు వరుసలో నిలబడుతున్నాడట. అందరికంటే వెనక. వరుస కదులుతుంది, ఆయన వంతు వచ్చేసరికి నువ్వు తలుపు దించేస్తావట. కోపం ఏమీ లేదట. మర్నాడు మళ్ళీ వరుస చివరికి వెళ్ళి నిలబడతాడట.

యెర్కా


పట్నం రేవు
ఏప్రిల్ 1, శనివారం

వదినా,

ఈ పొద్దున నీ ఇంటినుంచే వచ్చాను, నీ కాఫీయే తాగాను, అయినా నీతో చెప్పలేకపోయాను. అన్నయ్య సాయంత్రం పడవకి వస్తాడు. ఈలోగా రాస్తున్నాను.

నిన్న ఆఖరు రోజని, ఇరవై ఆరుగురు దిగాలని నాకు తెలుసు. ఇరవై నాలుగు కొట్టాను. నాది ఇరవై ఐదు. కొట్టి, తలుపు దించి, సంచీ తీసుకున్నాను. అప్పుడు నీ ఉత్తరం గుర్తొచ్చింది. నమ్మి కాదు. తలుపు దించిన చప్పుడు నాకే బాగా అనిపించలేదు.

మళ్ళీ ఎత్తాను. ఎదురుగా ఎవరూ లేరు. గాజుకి అటువైపు, మనిషి ఎత్తులో, చిన్న ఆవిరి మరక పట్టింది, పోయింది, మళ్ళీ పట్టింది. ముప్పై ఏళ్ళుగా అందరినీ అడిగే మాటే నోట్లోంచి వచ్చింది: "ఎక్కడికి?"

నేనే "డ్రాగాకే కదా" అన్నాను. ఇంకొక టికెట్ కొట్టాను. రెండూ పట్టుకుని పడవెక్కాను.

వెనక బెంచీలో కూర్చుని తల తిప్పలేదు. చప్పుడు లేని పడవలో ఎంత చిన్న మాటైనా వినబడుతుంది వదినా.

"ఏ ఇంటిదానివమ్మా?"

ఇరవై తొమ్మిదేళ్ళ గొంతు. వచ్చే నెల యాభై నిండే నన్ను అమ్మా అంది.

"రేవు పక్క ఇంటిదాన్ని."

"అది మా ఇల్లు కదా!"

"అవును. మీ ఇల్లే."

కాసేపటికి, "దీపం కనబడటం లేదు. మా ఆవిడ ఒట్టి మనిషి కాదు, ఎదురు చూస్తూ ఉంటుంది" అన్నాడు. పెద్దవాడికి నాలుగేళ్ళట. ఈసారి ఎవరో తెలియదట.

"ఆడపిల్ల" అన్నాను.

"నీకెలా తెలుసు?"

"తెలుసు."

నవ్వాడు. ఆ ముసుగు వెనక ఎలా ఉంటాడో అనుకున్నానే, ఆ నవ్వు అలా ఉంటుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. నేను తల తిప్పలేదు. తిప్పితే ఉండడని భయం.

తర్వాతిది నువ్వు చూశావు. నీ శనగలు ఇరవై ఐదు, మెషీన్ ఇరవై ఆరు. నువ్వు నా మొహం చూశావు. అన్నయ్య టోపీ తీశాడు. మూడో మెట్టు మీద ఆగి, వెనక్కి తిరగకుండానే, "రండి నాన్నా, చల్లారిపోతుంది" అన్నాను. నాలుగో మెట్టు తడవడం నువ్వూ చూశావు. భోజనానికి నువ్వు మూడు పళ్ళాలు పెట్టావు, నేను నాలుగోది పెట్టాను. నువ్వు అడగలేదు. అందుకే నువ్వంటే నాకు... సరే, అది ఇంకెప్పుడైనా.

టికెట్లు ఇరవై ఆరు. మెషీన్ ఇరవై ఆరు. ఆఫీసుకి పంపిన కాగితం మీద ఒక్క అబద్ధం లేదు. నీ పుస్తకంలో ఆయన పేరు మీద గీత గీయి. మిగతా ఆరుగురిని నేను తేలేను. వాళ్ళ వాళ్ళే రావాలి.

వింకా


డ్రాగా
ఏప్రిల్ 4, మంగళవారం, పొద్దున ఆరు

వింకా,

ఆఫీసునుంచి నిన్న కాగితం వచ్చింది. చలికాలం పడవ ఉంటుంది. మీ అన్నయ్య రెండుసార్లు చదివి మడిచి, ఆసుపత్రికి కట్టుకెళ్ళే రొట్టె డబ్బాలో పెట్టుకున్నాడు.

గీత గీశాను. ఈసారి స్కేలు పెట్టలేదు, కొంచెం వంకరగా వచ్చింది. ఆ శనివారం పొద్దున, నువ్వు వెళ్ళాక, నాలుగో పళ్ళెం కడగబోతే అంజీర పండు తొడిమ ఒకటి ఉంది. నా ఇంట్లో అంజీర లేదని నీకు తెలుసు. పళ్ళెం కడిగాను, తొడిమ పుస్తకంలో పెట్టాను. అప్పటినుంచి మెషీన్ లెక్క, నా లెక్క సరిపోతున్నాయి. మీ అన్నయ్య శనివారం వెనక బెంచీలో నిటారుగా, బెంచీ మధ్యలో కూర్చుని వచ్చాడట.

ఇప్పుడు పేజీ పైన ఆరు పేర్లు. నీ ఉత్తరం లూత్సెకి చదివి వినిపించాను, తప్పనుకోకు. వినేటప్పుడు కొత్త అద్దాలు తీసి పక్కన పెట్టింది. ఇవాళ తెల్లవారకముందే వచ్చి తలుపు కొట్టింది. పెళ్ళిళ్ళకి వేసుకునే నల్ల కోటు తొడుక్కుంది, చేతిలో మగవాళ్ళ మేజోళ్ళ జత, ఉన్నివి. "మా మాతెకి కాళ్ళు చల్లబడేవి" అంది.

ఈ ఉత్తరం మీ అన్నయ్య జేబులో వస్తోంది, లూత్సె అదే పడవలో వస్తోంది. సాయంత్రం నీ కిటికీ దగ్గరికి వచ్చి రెండు టికెట్లు అడుగుతుంది. మేక సంగతి ఎత్తకు. రెండోది ఎవరికని అడగకు. ముద్ర గట్టిగా వేసి ఇవ్వు, తలుపు కొంచెం ఆలస్యంగా దించు.

నాలుగున్నరకి నేను కుండ దించి, పెన్ను పట్టుకుని రేవు మీద ఉంటాను.

మీ వదిన
యెర్కా